"సెలవంట"లోని "అంట"ని ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలి: వార్తల్లో ఫ్యాక్ట్, ఒపీనియన్ గురించి మాట్లాడటానికి కావాల్సిన మాటలు

తుఫాను రోజుల్లో వైజాగ్‌లో ప్రతి ఇంటి వాట్సాప్ గ్రూప్‌లోనూ ఒక మెసేజ్ తిరుగుతుంది, "రేపు స్కూళ్ళకి సెలవంట" అని. చివర ఉన్న ఆ "అంట" చాలా పని చేస్తుంది. నేను కళ్ళారా చూడలేదు, కలెక్టర్ గారి ఆర్డర్ నా దగ్గర లేదు, ఎవరో అంటే విన్నాను, మీ చెవిన వేస్తున్నాను, ఇదంతా ఆ రెండక్షరాల్లోనే ఉంది. అదే మాట మనవాళ్ళు ఇంగ్లీష్‌లో టైప్ చేసేసరికి "స్కూల్స్ ఆర్ క్లోజ్డ్ టుమారో" అయిపోతుంది. "అంట" ఎగిరిపోయింది, విన్న మాట కాస్తా ఖాయమైన వార్త అయి కూర్చుంది. అబద్ధం చెప్దామని ఎవరూ అనుకోలేదు, "అంట" బదులు ఇంగ్లీష్‌లో ఏం పెట్టాలో తట్టలేదు అంతే.

నేను మద్దిలపాలెం వైపు సాయంత్రం పూట డిగ్రీ, బీటెక్ పిల్లలకి ఇంగ్లీష్ చెప్తుంటాను. ఎక్కువమంది గ్రూప్ డిస్కషన్ (జీడీ) కోసమో, విదేశాలకెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోసమో వస్తారు. గ్రామర్ బాగానే వచ్చు వాళ్ళకి, వార్తల గురించి మాట్లాడమన్నప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. చదివింది, విన్నది, ఊహించింది, తమకి అనిపించింది అన్నీ ఒకే రకం వాక్యంలో ఒకే గొంతుతో వచ్చేస్తాయి. తెలుగులో మాత్రం ఇవే పిల్లలు ఆ తేడాలన్నీ చక్కగా చూపిస్తూ మాట్లాడతారు. అంచేత ఇది తెలివి తక్కువై వచ్చిన సమస్య కానే కాదు, చేతిలో మాటల్లేక వచ్చిన సమస్య. ఆ మాటలేవో ఒకచోట పెడదామనే ఇది రాస్తున్నా.

ముందు ఆ "అంట" సంగతి చూద్దాం

మామూలుగా మాట్లాడేటప్పుడు "అపారెంట్లీ" వాడండి. "అపారెంట్లీ, స్కూల్స్ ఆర్ క్లోజ్డ్ టుమారో" అంటే అచ్చంగా "సెలవంట" అన్నట్టే. అది కూడా గుర్తు రాకపోతే "ఐ హర్డ్ దట్" అని మొదలుపెట్టినా చాలు. రాతలో, పేపర్ భాషలో అయితే "రిపోర్టెడ్లీ". ఎక్కడో వార్త వచ్చింది గానీ మేం సొంతంగా తేల్చుకోలేదు అని దానర్థం. "సపోజిడ్లీ" అన్నారంటే అందులో అనుమానం కలుస్తుంది, "సెలవని అంటున్నారులే, నాకైతే నమ్మకం లేదు" అన్న ధోరణి. "అలెజిడ్లీ" మాత్రం ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు, ఎవరో తప్పు చేశారన్న ఆరోపణ ఉన్నచోటే అది పనికొస్తుంది, లంచం, దొంగతనం, దాడి, మోసం లాంటివి. స్కూల్ సెలవుకి "అలెజిడ్లీ" పెడితే సెలవివ్వడం ఏదో నేరమన్నట్టు ఉంటుంది. పలకడం కూడా చూసుకోండి, "అలెజ్డ్లీ" అని తొక్కేయకుండా అ-లె-జిడ్-లీ అని నాలుగు ముక్కలుగా రావాలి, "సపోజిడ్లీ" కూడా అంతే.

వీటితోపాటు పేపర్లో రోజూ కనపడేవి ఇంకో మూడు. "సోర్సెస్ సెడ్" అంటే చెప్పిన మనిషి పేరు మనకి చెప్పట్లేదని. "ఆన్ కండిషన్ ఆఫ్ అనానిమిటీ" అంటే నా పేరు రాయొద్దు అన్న షరతు మీద ఆ మనిషి మాట్లాడాడని, అంటే కనీసం రిపోర్టర్‌కి ఆ మనిషెవరో తెలుసు. "అన్‌వెరిఫైడ్" అంటే నిజమో కాదో ఇంకా తేల్చలేదని. అబద్ధమని మాత్రం కాదు, ఈ తేడా చాలామంది పట్టించుకోరు. తేల్చకపోవడం వేరు, అబద్ధమని తేలడం వేరు.

ఫ్యాక్ట్ అంటే నిజం అనే అనుకుంటున్నారా

ఇక్కడే అందరూ తడబడతారు. ఒక వాక్యం ఫ్యాక్ట్ తరహాదా, ఒపీనియన్ తరహాదా అని అడిగినప్పుడు అది నిజమా కాదా అని ఆలోచించకండి, దాన్ని చెక్ చేయగలమా లేదా అని ఆలోచించండి. "ఐఎన్‌ఎస్ కురుసుర ఈజ్ ఎట్ రుషికొండ" అన్నారనుకోండి. అది తప్పు, ఆ సబ్‌మెరైన్ మ్యూజియం ఆర్కే బీచ్‌లో ఉంది. తప్పైనా అది ఫ్యాక్ట్ తరహా వాక్యమే, ఎందుకంటే బీచ్ రోడ్డు మీదకెళ్ళి చూస్తే తేలిపోతుంది. ఇంగ్లీష్‌లో దీన్ని "ఫ్యాక్చువల్ స్టేట్‌మెంట్" లేదా "ఫ్యాక్చువల్ క్లెయిమ్" అంటారు, అది "ట్రూ" అవ్వచ్చు, "ఫాల్స్" అవ్వచ్చు, లేదా కొంచెం తేడా ఉంటే "ఇన్‌యాక్యురేట్" అవ్వచ్చు. "రుషికొండ ఈజ్ నైసర్ దాన్ ఆర్కే బీచ్" అంటే మాత్రం ఒపీనియన్. అది ఫాల్స్ అనడం కుదరదు, "ఐ డిజగ్రీ" అనాలి. ఫ్యాక్ట్‌కి "దట్స్ నాట్ ట్రూ", ఒపీనియన్‌కి "ఐ డోంట్ అగ్రీ", ఈ రెండూ తారుమారు చేయకుండా ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఈ తికమక మనొక్కరికే కాదు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2018లో ఒక సర్వే చేసింది. ఐదు ఫ్యాక్ట్ తరహా వాక్యాలు, ఐదు ఒపీనియన్ వాక్యాలు ఇచ్చి ఏది ఏదో చెప్పమంటే, ఫ్యాక్ట్ తరహా ఐదూ కరెక్ట్‌గా గుర్తుపట్టినవాళ్ళు 26 శాతం, ఒపీనియన్ ఐదూ పట్టినవాళ్ళు 35 శాతం. పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీష్‌లోనే బతికేవాళ్ళు ఎక్కువగా ఉన్న దేశంలోనే ఇలా ఉంది, కాబట్టి మన పిల్లలు ఇంగ్లీష్ రాదని కుంగిపోనక్కర్లేదు.

కొన్ని వాక్యాలు మధ్యలో ఉంటాయి. "వైజాగ్ ఈజ్ ఎ క్లీన్ సిటీ" అన్నది ఒపీనియన్, క్లీన్ అంటే ఎంత క్లీన్ అన్నది ఎవరి కొలత వాళ్ళది. "వైజాగ్ ర్యాంక్డ్ థర్డ్ ఇన్ స్వచ్ఛ సర్వేక్షణ్ 2017" అంటే చెక్ చేయదగ్గది, నిజం కూడాను. మొదటి వాక్యాన్ని రెండోది మోస్తుంది, దాన్నే "సపోర్ట్" అనీ "బ్యాక్ అప్" అనీ అంటారు. జీడీలో ఎవరైనా మొదటి రకం వాక్యం ఒక్కటే అని ఆగిపోతే "కెన్ యూ బ్యాక్ దట్ అప్?" అని అడగొచ్చు. మర్యాదగా కావాలంటే "ఈజ్ దేర్ ఎనీ ఎవిడెన్స్ ఫర్ దట్?" అనండి. ఎవిడెన్స్‌కి చివర ఎస్ పెట్టి "ఎవిడెన్సెస్" అనకండి, ఇన్ఫర్మేషన్, న్యూస్ కూడా అంతే, ఒకటీ రెండూ అని లెక్కపెట్టే మాటలు కావవి. లెక్కపెట్టాల్సి వస్తే "ఎ పీస్ ఆఫ్ ఎవిడెన్స్" అనాలి.

ఇంకొక మాట ఇక్కడే నేర్చుకోవాలి, "మిస్‌లీడింగ్". చెప్పిన ప్రతి అంకె నిజమే అయినా మొత్తం చూసేసరికి మనకి తప్పు బొమ్మ కనపడితే అది మిస్‌లీడింగ్. ఏదో ఒక కోచింగ్ సెంటర్ హోర్డింగ్ మీద వంద ర్యాంకులని ఉంటుంది, అవి దేశం మొత్తమ్మీద బ్రాంచీలన్నిట్లో వచ్చినవి, మన జంక్షన్‌లో ఉన్న బ్రాంచ్‌లో వచ్చినవి కావు. దాన్ని "ఫాల్స్" అంటే వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. "ట్రూ, బట్ మిస్‌లీడింగ్" అంటే మాత్రం గట్టిగా నిలబడొచ్చు.

తుఫాను బులెటిన్ చదవడం వస్తే సగం ఇంగ్లీష్ వచ్చినట్టే

ఫ్యాక్టూ కాని ఒపీనియనూ కాని మూడో రకం ఒకటుంది, అదే "ఫోర్‌కాస్ట్". రేపటి సంగతి కాబట్టి ఇవాళ చెక్ చేయలేం, అలాగని ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్ళు చెప్పేదీ కాదు, లెక్కలుంటాయి. మన ఊళ్ళో సైక్లోన్ వార్నింగ్ సెంటర్ ఉంది కదా, వాళ్ళ బులెటిన్ల ఇంగ్లీష్ నేను క్లాసులో ప్రత్యేకంగా చదివిస్తాను. ఎంత జాగ్రత్తగా రాస్తారో చూడండి. "ఈజ్ లైక్లీ టు", "ఈజ్ వెరీ లైక్లీ టు", "ఈజ్ మోస్ట్ లైక్లీ టు", ఒక్కొక్కటీ ముందుదానికంటే ఒక మెట్టు పైన. "విల్" అని రాయడం తక్కువ. టీవీలోకి వచ్చేసరికి ఆ "లైక్లీ" పోయి "వచ్చేస్తోంది" అయిపోతుంది, అక్కడే వార్త మారిపోయింది.

"ఎట్ ఐసోలేటెడ్ ప్లేసెస్" అని కనపడుతుంది, చాలామంది దాన్ని జనం లేని చోట్లనుకుంటారు. కాదు. వాతావరణ శాఖ లెక్కలో అంటే ఒకటి రెండు చోట్లే వాన పడుతుందని, ఆ ఏరియాలోని స్టేషన్లలో 25 శాతం దాకా అన్నమాట. "ఎట్ ఎ ఫ్యూ ప్లేసెస్" అంటే 26 నుంచి 50, "ఎట్ మెనీ ప్లేసెస్" అంటే 51 నుంచి 75, "ఎట్ మోస్ట్ ప్లేసెస్" అంటే అంతకుపైన. ఇవి తెలిస్తే "విశాఖలో కుండపోత" అన్న హెడ్డింగ్ కింద అసలు బులెటిన్‌లో ఏముందో మీరే పోల్చుకోగలరు.

అలాగే "వాచ్", "అలర్ట్", "వార్నింగ్" మూడూ ఒకటి కావు. ప్రీ-సైక్లోన్ వాచ్ సుమారు 72 గంటల ముందు, అలర్ట్ కనీసం 48 గంటల ముందు, వార్నింగ్ కనీసం 24 గంటల ముందు ఇస్తారు. అలర్ట్ దశలో ఉన్నప్పుడు "వార్నింగ్ హాజ్ బీన్ ఇష్యూడ్" అని ఫార్వర్డ్ చేస్తే జనం ఒక రోజు ముందే కంగారుపడతారు, ఇంకోసారి నిజంగా వార్నింగ్ వచ్చినప్పుడు పట్టించుకోరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదుగానే తీరం దాటింది. ఆ రోజు చూసినవాళ్ళకి ఈ తేడా ఎంత అవసరమో నేను చెప్పనక్కర్లేదు.

ఎవరన్నారు, ఎలా అన్నారు

ఇప్పుడు వెర్బ్‌ల దగ్గరికొద్దాం, ఈ గైడ్ మొత్తంలో నాకు ముఖ్యమైంది ఇదే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. ఒక వాక్యం తీసుకోండి, "ద వాటర్ ఈజ్ సేఫ్". ఒక అధికారి ఈ మాట అన్నారనుకుందాం. పేపర్లో "ది ఆఫీసర్ సెడ్ ద వాటర్ వాజ్ సేఫ్" అని వస్తే అది మామూలు మాట, పేపర్ తన రంగేమీ పులమలేదు. "స్టేటెడ్" అన్నా అంతే, కాకపోతే కొంచెం ఆఫీస్ భాష. "క్లెయిమ్డ్" అని రాస్తే, ఆయన అంటున్నారు గానీ మాకు తెలీదు సుమా అని పేపర్ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇన్సిస్టెడ్" అంటే అవతల ఎవరో కాదంటున్నా ఈయన పట్టుబట్టి చెప్తున్నారని. "అడ్మిటెడ్" అంటే ఏదో దాచినది బయటపెట్టారని, కాబట్టి "అడ్మిటెడ్ ద వాటర్ వాజ్ సేఫ్" అన్నది అసలు కుదరదు, "అడ్మిటెడ్ ద వాటర్ వాజ్ నాట్ సేఫ్" అయితేనే కుదురుతుంది. "పాయింటెడ్ అవుట్" చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ దాంతోనే ఎక్కువ జాగ్రత్త, ఆ వెర్బ్ పెట్టారంటే తర్వాత వచ్చేది నిజమేనని పేపర్ కూడా ఒప్పేసుకున్నట్టు. "కన్ఫర్మ్డ్" కూడా అంతే. "డినైడ్" అంటే కాదన్నారు అంతే, కాదని రుజువైనట్టు కాదు. రుజువైతే దానికి "రిఫ్యూటెడ్" ఉంది, కానీ ఈమధ్య చాలామంది జర్నలిస్టులే డినైడ్ అనాల్సిన చోట రిఫ్యూటెడ్ రాసేస్తున్నారు, నాకైతే అది అస్సలు నచ్చదు.

చూశారా, అధికారి మాట ఒక్కటే, వెర్బ్ మారిన ప్రతిసారీ ఆయన మీద మన అభిప్రాయం మారిపోయింది. రిపోర్టర్ ఎక్కడా "ఈయన్ని నమ్మకండి" అని రాయలేదు, అయినా మనకి అలా అనిపించింది. ఒకసారి ఒక స్టూడెంట్ అడిగాడు, "ఏటి సార్, అయితే సెడ్ ఒక్కటే వాడితే గొడవుండదు కదా" అని. ఉండదు. మంచి రిపోర్టర్లు ఎక్కువగా చేసేది అదే. మీరు వేరే వెర్బ్ వాడేముందు దానికి కారణం మీ దగ్గర ఉందా అని చూసుకోండి, లేకపోతే "సెడ్" లేదా "అకార్డింగ్ టు".

"అకార్డింగ్ టు" అంటే గుర్తొచ్చింది, మన దగ్గర నూటికి తొంభై మంది "అకార్డింగ్ టు మీ" అంటారు. అది ఇంకొకరి మాట చెప్పడానికే, "అకార్డింగ్ టు ద పోలీస్", "అకార్డింగ్ టు ద రిపోర్ట్". మన మాటకి "ఇన్ మై ఒపీనియన్" లేదా "ఐ థింక్". "యాజ్ పర్ మై ఒపీనియన్" కూడా వద్దు.

క్రైమ్ వార్తల్లో "సస్పెక్ట్", "అక్యూజ్డ్", "కన్విక్ట్" మూడూ మూడు దశలు. అనుమానం ఉన్న మనిషి సస్పెక్ట్, అభియోగం మోస్తున్న మనిషి అక్యూజ్డ్, కోర్టు దోషి అని తేల్చాక కన్విక్ట్. అరెస్టైన రోజే "ద కిల్లర్" అని రాసేయడం ఫ్యాక్ట్ కాదు, "ది అక్యూజ్డ్" అనాలి. ఇది భాష ఒక్కదాని సంగతే కాదు, ఒక మనిషి పరువు.

అంకెల పక్కన ఉండే చిన్న మాటలు

2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు ఆ రోజు అంకెలు గంటగంటకీ మారాయి. సాయంత్రానికి 11 మంది చనిపోయారన్నారు, తర్వాత 12 అయింది. ముందు రాసినవాళ్ళు అబద్ధం రాశారా? "ఎట్ లీస్ట్ 11" అని రాసినవాళ్ళు రాయలేదు. "ఎట్ లీస్ట్" అంటే ఇప్పటికి తెలిసినంతలో ఇంత, పెరగొచ్చు అని. విపత్తు వార్త ఇంగ్లీష్‌లో చెప్పేటప్పుడు ఈ రెండు మాటలూ, "సో ఫార్" కూడా, తప్పకుండా పెట్టండి. "యాజ్ మెనీ యాజ్ 200" అంటే అమ్మో ఇంతమందా అన్న ధ్వని, "ఓన్లీ 200" అంటే ఇంతేనా అని. అంకె ఒక్కటే, పక్కనున్న మాటే ఒపీనియన్.

ఉక్కు గురించి మాట్లాడేటప్పుడు

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న మాట వినకుండా ఇక్కడ ఎవరూ పెరగరు. ఇది ఇంగ్లీష్‌లో ఫ్యాక్టా ఒపీనియనా అని అడిగితే ఒపీనియన్ అనే చెప్పాలి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే "స్లోగన్", "డిమాండ్". అది ఒపీనియన్ అన్నంత మాత్రాన దాని విలువ తగ్గిపోదు, ఒపీనియన్ అంటే తేలిక మాట అని ఎక్కడా లేదు. ఈ ప్లాంట్ కోసం 1966లో జనం రోడ్ల మీదకొచ్చారన్నది ఫ్యాక్ట్.

2021 జనవరి 27న కేంద్ర క్యాబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీ ప్లాంట్‌లో ప్రభుత్వ వాటా 100 శాతం వదులుకోవడానికి ఆమోదం ఇచ్చింది. ఆర్డర్ భాషలో దాని పేరు "స్ట్రాటెజిక్ డిస్ఇన్వెస్ట్‌మెంట్". యూనియన్ల పోస్టర్ల మీద "ప్రైవటైజేషన్", ఇంకా కోపమొస్తే "సెల్ అవుట్". జరిగే పని ఒక్కటే, మొదటిది చల్లగా, రెండోది సూటిగా, మూడోది తిట్టులా ఉంటుంది. ఇలా అర్థం కంటే ఎక్కువ భావం మోసే మాటని "లోడెడ్ వర్డ్" అంటారు, అలాంటివి ఎంచుకుని కథని ఒక పక్కకి వంచడాన్ని "స్లాంట్" అంటారు, కావాలని తమకి అనుకూలంగా తిప్పి చెప్పడాన్ని "స్పిన్" అంటారు. చల్లటి మాట వాడితే న్యూట్రల్ అనుకోవద్దు, అది కూడా ఒక స్పిన్ అవ్వచ్చు. నా మటుకు "ప్రైవటైజేషన్" అన్నదే అందరికీ అర్థమయ్యే సూటి మాట. ఇంకో సంగతి, ఆ ఆమోదం "ఇన్ ప్రిన్సిపల్" అని ఉంది, అంటే సూత్రప్రాయంగా. అది వదిలేసి "ప్లాంట్ హాజ్ బీన్ సోల్డ్" అన్నవాళ్ళు ఫ్యాక్ట్ తప్పారు.

2025 జనవరిలో అదే కమిటీ 11,440 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. "రివైవల్ ప్యాకేజ్" అని ప్రభుత్వం అంటుంది, "బెయిలౌట్" అని కొన్ని బిజినెస్ పేపర్ల భాష. "లైఫ్‌లైన్" అన్నా "టూ లిటిల్, టూ లేట్" అన్నా అవి పూర్తిగా ఒపీనియన్లే. జీడీలో ఈ టాపిక్ వస్తే ముందు డేట్, అంకె, ఎవరిచ్చారు అన్న మూడూ చెప్పండి, ఆ తర్వాత "ఐ'డ్ ఆర్గ్యూ దట్" అని మొదలుపెట్టి మీ మాట చెప్పండి. ఇంట్లో ప్లాంట్ ఎంప్లాయీ ఉన్నవాళ్ళయితే అది కూడా దాచుకోకుండా చెప్పేయండి, "మై ఫాదర్ వర్క్స్ దేర్, సో ఐ మే బి బయస్డ్, బట్" అని. అలా చెప్తే మీ మాట బలహీనపడదు, వినేవాళ్ళు మిమ్మల్ని ఇంకా నమ్ముతారు.

పేపర్లో ఎక్కడుందో చూడండి

ఈనాడు 1974 ఆగస్టు 10న మన వైజాగ్‌లోనే మొదలైంది, పొద్దున్నే పేపర్ చదవడం ఈ ఊరికి కొత్త అలవాటేం కాదు. కానీ ఫోన్‌లోకి వచ్చాక ఏ పేజీలో వచ్చిందన్న గుర్తు పోయింది, అన్నీ ఒకేలా కనపడుతున్నాయి. "న్యూస్ రిపోర్ట్" జరిగింది చెప్తుంది. "ఎడిటోరియల్" అంటే సంపాదకీయం, అది పేపర్ సొంత అభిప్రాయం, పైన మనిషి పేరుండదు. "కాలమ్" ఒక రచయిత క్రమం తప్పకుండా రాసేది. "ఆప్-ఎడ్" బయటివాళ్ళు రాసే అభిప్రాయ వ్యాసం, ఎడిటోరియల్ పేజీకి ఎదురు పేజీలో వచ్చేది కాబట్టి ఆ పేరు, న్యూయార్క్ టైమ్స్ 1970 సెప్టెంబర్‌లో ఆ పేజీ మొదలుపెట్టాక బాగా పాకింది. "ఎక్స్‌ప్లెయినర్" విషయాన్ని విప్పి చెప్తుంది, "అనాలిసిస్"లో రచయిత తీర్పు కొంత కలుస్తుంది. "అడ్వర్టోరియల్" అంటే వార్త వేషంలో ఉన్న యాడ్, అడ్మిషన్ల సీజన్‌లో, కొత్త వెంచర్లు వేసినప్పుడు పేజీలకి పేజీలు ఇవే. మూలన చిన్న అక్షరాల్లో "స్పాన్సర్డ్" అనో "అడ్వర్టైజ్‌మెంట్" అనో ఉంటుంది, అది వెతకండి. ఆ చిన్న అక్షరాలు కూడా లేకుండా డబ్బు తీసుకుని వార్తలా వేస్తే దాన్ని "పెయిడ్ న్యూస్" అంటారు.

ఎవరైనా ఒక ఆప్-ఎడ్ చూపించి "పేపర్లో వచ్చింది, కాబట్టి నిజం" అంటే "దట్స్ యాన్ ఒపీనియన్ పీస్, నాట్ ఎ న్యూస్ రిపోర్ట్" అనండి.

"ఫేక్ న్యూస్" అని ఒక్క మాటతో ముగించకండి

కాలిన్స్ డిక్షనరీ 2017కి ఈ మాటనే వర్డ్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంచుకుంది, అప్పటికే నచ్చని ప్రతి వార్తనీ జనం అలా అనేస్తున్నారు. అదే ఏడాది క్లెయిర్ వార్డిల్, హుస్సేన్ దెరఖ్షాన్ కౌన్సిల్ ఆఫ్ యూరప్ కోసం రాసిన రిపోర్ట్‌లో మూడు విడి పేర్లు వాడారు. తెలీక తప్పు పంచితే "మిస్ఇన్ఫర్మేషన్". తప్పని తెలిసీ హాని చేద్దామని పంచితే "డిస్ఇన్ఫర్మేషన్". నిజమైన సమాచారాన్నే, ఎవరిదో ప్రైవేట్ ఫొటోనో మెసేజో, హాని చేయడానికి బయటపెడితే "మాల్ఇన్ఫర్మేషన్". ఎక్కడో వేరే దేశంలో సముద్రం పొంగిన పాత వీడియోని ఆర్కే బీచ్ అని మీ పిన్ని ఫార్వర్డ్ చేస్తే ఆవిడ చేసింది మొదటిది, దాన్ని మొదట ఆ పేరుతో తయారుచేసినవాడు చేసింది రెండోది. ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ఆ వీడియో గురించి ఏమనాలి? ఎడిట్ చేశారా లేదా చూడండి. చేయకపోతే "ఇట్స్ యాన్ ఓల్డ్ వీడియో, షేర్డ్ అవుట్ ఆఫ్ కాంటెక్స్ట్". మార్చి ఉంటే "డాక్టర్డ్". మన దగ్గర "మార్ఫ్డ్" అంటాం, బయటి దేశాల్లో ఆ వాడకం తక్కువ. తప్పని రుజువు చేసి చెప్పడాన్ని "డీబంక్" అంటారు. పేపర్ తన తప్పు దిద్దుకుంటే "కరెక్షన్", వార్త మొత్తం వెనక్కి తీసుకుంటే "రిట్రాక్షన్". కరెక్షన్ వేసే పేపర్‌ని నేను ఎక్కువ నమ్ముతాను.

పిన్నికి ఇంగ్లీష్‌లో చెప్పక్కర్లేదు, "పిన్నీ, ఇది పాతదే, మన బీచ్ కాదు" అని విడిగా మెసేజ్ పెడితే చాలు, గ్రూప్‌లో అందరి ముందూ వద్దు. ఆఫీస్ గ్రూప్‌లో ఒక సీనియర్ పంపితే మాత్రం "సర్, ఐ థింక్ దిస్ వన్ మే బి ఓల్డ్, షల్ వి చెక్ ద సోర్స్?" అనండి. "దిస్ ఈజ్ ఫేక్" అని మొహమ్మీద కొట్టినట్టు ఉండదు, చెప్పాల్సిందీ చెప్పినట్టే.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళకి ఒక్క ముక్క

రీడింగ్‌లో "ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్" అని ఉంటే అది పాసేజ్‌లోని సమాచారం గురించి, "ఎస్, నో, నాట్ గివెన్" అని ఉంటే రచయిత అభిప్రాయం గురించి. రెండూ ఒకేలా కనపడతాయని తేడా లేకుండా చేసేస్తారు. రెండో రకం వచ్చినప్పుడు పాసేజ్‌లో "ఆర్గ్యూస్", "బిలీవ్స్", "అన్‌ఫార్చునేట్లీ", "షుడ్", "సర్‌ప్రైజింగ్లీ" లాంటివి వెతకండి, రచయిత గొంతు వినపడేది అక్కడే. ఇంకోటి, మీకు బయట తెలిసిన సంగతి పెట్టి ఆన్సర్ చేయకండి, పాసేజ్‌లో లేకపోతే అది నాట్ గివెనే.

ప్రాక్టీస్ ఎలా

ఒక లోకల్ వార్త పట్టుకోండి. ఇంగ్లీష్‌లో రెండు పేపర్లలో వచ్చినది అయితే మంచిది, పబ్లిక్ లైబ్రరీకి వెళ్తే రెండూ పక్కపక్కనే పెట్టుకుని చూడొచ్చు. ప్రింట్‌అవుట్ లేదా జిరాక్స్ తీసుకుని చెక్ చేయగల వాక్యాల కింద నీలం గీత, ఒపీనియన్ల కింద ఎర్ర గీత వేయండి, "సెడ్", "క్లెయిమ్డ్" లాంటి వెర్బ్‌లకి సున్నా చుట్టండి. రెండు రంగులూ పడ్డ వాక్యాలు కచ్చితంగా వస్తాయి, వాటిని రెండు ముక్కలుగా విడగొట్టి మళ్ళీ రాయండి. ఉదాహరణకి "ద షాకింగ్ డిలే హాజ్ కాస్ట్ ద సిటీ త్రీ ఇయర్స్" అని ఉంటే, మూడేళ్ళు అన్నది నీలం, షాకింగ్ అన్నది ఎరుపు. తర్వాత ఆ వార్తని మూడు వాక్యాల్లో ఫ్రెండ్‌కి వాయిస్ మెసేజ్‌గా చెప్పండి. ఒకటి ఖాయంగా తెలిసినది, ఒకటి "అపారెంట్లీ"తో విన్నది, ఒకటి "ఐ థింక్"తో మీది. వినేవాళ్ళు ఏది ఏ రకమో చెప్పగలిగితే మీరు బాగా చెప్పినట్టు, చెప్పలేకపోతే వెర్బ్ ఎక్కడో జారింది, మళ్ళీ రికార్డ్ చేయండి.

ఇది అలవాటయ్యాక ఒక ఇంగ్లీష్ పేపర్‌కి "లెటర్ టు ది ఎడిటర్" రాయండి. మీ వీధిలో డ్రైనేజీ కావచ్చు, బస్సు రాకపోవడం కావచ్చు. మొదటి వాక్యంలో ఏ తేదీ వార్త గురించో చెప్పండి, రెండు మూడు వాక్యాల్లో మీరు కళ్ళతో చూసింది రాయండి, ఒక్క వాక్యంలో మీ అభిప్రాయం, ఇంకో వాక్యంలో ఏం చేయాలంటున్నారో. చుట్టుపక్కలవాళ్ళు చెప్పింది ఏదైనా కలిపితే "రెసిడెంట్స్ సే" అని ముందు పెట్టండి. పంపేముందు పైకి చదువుకుని, ఎవరైనా "వేర్ డిడ్ యూ గెట్ దిస్?" అని అడిగితే ప్రతి వాక్యానికీ జవాబు ఉందా అని ఒకసారి చూసుకుని సెండ్ కొట్టండి.